ఒకే తోటలో చెట్టుకు, చెట్టుకు ఇంత తేడా ఎందుకు?

(చోడవరములో సరుగుడు, నీలగిరి సాగు చేయు రైతుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు ఉదయము ఈ సభకు వచ్చుచు దారిలో ఒక సరుగుడు తోట దగ్గర బండి ఆపితిని. మూడేండ్ల తోట. గట్టు దాటి నాలుగు వరుసలు లోపలికి పోయి చూచితిని. ఒక చెట్టు నా ముంజేతి కంటె లావుగా, నిటారుగా ఉన్నది. దానికి మూడడుగుల దూరములో ఉన్న చెట్టు ముల్లుకర్ర లావు మాత్రమే ఉన్నది. ఆ పక్కదానిని నా బొటనవ్రేలితో పోల్చవచ్చును. తోట యజమాని అక్కడనే ఉన్నారు. "ఒక్క రోజునే నాటినాం బాబూ. ఒకే ఎరువు, ఒకే నీరు. ఏటి సేత్తాం, దేని రాత దానిది" అన్నారు.

ఆ పెద్దమనిషి మాట పూర్తిగా తప్పని నేను అనను. అయితే ఆ రాత ఎక్కడ వ్రాయబడినది అన్నది తెలిసికొనవలెను. కొంత విత్తనములో వ్రాయబడినది. కొంత నారుమడిలో, కొంత నేలలో వ్రాయబడినది. వీటిలో మొదటి రెండింటిని మొక్క నాటకముందే మనము చదువుకొనవచ్చును. చదువక నాటినచో ఏమగునో మీకు తెలియనిది కాదు. చెరకులో రకము తప్పయినచో మరుసటి యేడు మార్చుకొందుము. వరిలో అయితే ఆరు నెలలలో తెలిసిపోవును. చెట్టు తోటలో మన తప్పు నాలుగవ యేట, కోత కూలీలు గొడ్డళ్ళతో వచ్చిన రోజున బయటపడును. అప్పటికి నాలుగేండ్ల భూమి ఫలము, నాలుగేండ్ల వడ్డీ పోయినవే. ఒకప్పుడు గోవాడ కర్మాగారమునకు చెరకు తోలిన చేలలో నేడు సరుగుడు, నీలగిరి లేచుచున్నవి గనుక ఈ మాట ఇప్పుడే చెప్పవలసి వచ్చినది.

మీరు చెరకు రైతులు. చెరకుతోనే మొదలుపెట్టెదను. మనము చెరకును ముచ్చెలతో నాటుదుము. అందుచేత విశ్వామిత్ర యనబడు 87ఎ298 రకము వేసిన చేనిలో ప్రతి దుబ్బును ఒకే గుణము కలిగియుండును. గట్టు పక్కదో, నీరు చాలనిదో కొంచెము తగ్గవచ్చునుగాని, జాతి మాత్రము ఒక్కటే. అయితే చెరకునకు పూత ఉన్నది, ఆ పూతలో దూది వంటి సన్నని విత్తనము కలదు. ఆ విత్తనము నుండి మొక్కలు మొలిపించి చూచినచో ఒకటి లావుగా, ఒకటి సన్నగా, ఒకటి తియ్యగా, ఒకటి చప్పగా, ఒకటి నిలువుగా, ఒకటి పడిపోవునదిగా వచ్చును. ఒకే తల్లి బిడ్డలలో ఒకరి పోలిక ఒకరికి రానట్లే ఇదియును. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రములోను, 1913లో ఏర్పడిన మన అనకాపల్లి పరిశోధనా కేంద్రములోను జరిగిన పని యంతయు ఇదే: విత్తనపు మొక్కలను వేలకొలది పెంచుట, ఏండ్ల తరబడి వడపోయుట, చివరకు మిగిలిన ఒకటి రెండింటిని ముచ్చెలతో పెంచి రైతునకు ఇచ్చుట.

ఇప్పుడు విత్తనముతో పెంచిన సరుగుడు తోటను తలచుకొనుడు. అది వడపోత జరుగని చెరకు విత్తనపు మడి వంటిది. మంచిది, మధ్యరకము, పనికిమాలినది అన్నియు కలిసి మీ చేలో నిలబడియుండును. నాలుగేండ్లు అన్నింటికిని మీరే అన్నము పెట్టుచుందురు.

చెట్లలో ఈ తేడా ఎన్ని మెట్లలో ఉండునో చెప్పుటకు పైన్ చెట్టు కంటె మంచి ఉదాహరణము నాకు కనబడదు. ప్రపంచములో చెట్ల ప్రయోగములు ఆ జాతి మీద జరిగినంతగా వేరొక దాని మీద జరిగినవని నేను అనుకొనను. ఇక్కడి నుండి మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కి అరకు వైపు పోయినవారు పైన్ తోపులు చూచియుందురు. సూదుల వంటి ఆకులు, కింద జారుడుగా రాలిన ఆకుల పరుపు. పట్టణము నుండి విహారమునకు వచ్చినవారు మన సరుగుడును చూచి పైన్ అనియు, పైన్‌ను చూచి సరుగుడు అనియు అనుట నేను విన్నాను. రెంటికిని చుట్టరికము లేదు. సరుగుడులో సూది వలె కనబడునది ఆకు కాదు, సన్నని రెమ్మ; ఆకులు దాని కణుపుల దగ్గర కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉండును. పైన్ చెట్టు దక్షిణ భారతమునకు సహజమైనది కాదు. హిమాలయములలో చీర్ పైన్, మేఘాలయ కొండలలో ఖాసీ పైన్ ఉన్నవిగాని, మన వైపు పెంచినవన్నియు నాటించినవే. మెక్సికో, మధ్య అమెరికా దేశముల నుండి పాటులా, కరీబియా, ఊకార్పా అను జాతులు పరీక్ష కొరకు మన దేశమునకు వచ్చినవి.

మొదటి మెట్టు జాతి భేదము. పాటులా పైన్ మెక్సికోలో ఎత్తైన చల్లని కొండల మీదిది. కరీబియా పైన్ వేడిమి గల పల్లపు ప్రాంతములకును ఓర్చుకొనునది. మొదటిదానిని చోడవరము మెట్టలో పెట్టినచో ఎంత ఎరువు వేసినను ఎండకు నిలువదు. ఇది ఎవరికైనను సులభముగా తెలియు తేడా.

రెండవ మెట్టు దగ్గరనే మనము మోసపోవుదుము. కరీబియా పైన్ అను ఒక్క జాతిలోనే మూడు రకములున్నవి. ఒకటి క్యూబా ద్వీపముది, ఒకటి బహామా ద్వీపములది, ఒకటి హోండురాస్, నికరాగువా మొదలగు దేశములది. పేరు ఒక్కటే, చూపునకు దగ్గర పోలికయే. హోండురాసు రకము సాధారణముగా త్వరగా పెరుగును. కాని కొన్ని చోట్ల దానికొక దుర్గుణము కనబడును: పక్క కొమ్మలు వేయక, నడికొమ్మ ఒక్కటే పొడవుగా సాగిపోయి నక్కతోక వలె ఊగుచుండును. దానికి నక్కతోక అనియే పేరు. అట్టి చెట్టు ఎత్తు కొలిచినచో మొదటి బహుమతి దానిదే, గాలి వచ్చినప్పుడు ముందు విరుగునదియు అదే. క్యూబా రకము నెమ్మదిగా పెరిగినను నిటారుగా ఉండును. బహామా రకము సున్నపు పాలు గల నేలలకు ఓర్చుకొనును. కనుక "కరీబియా పైన్ మంచిదా?" అని అడిగినచో జవాబు లేదు. ఎక్కడి విత్తనము అని తిరిగి అడుగవలెను.

ఈ ప్రశ్నను పట్టుదలతో అడిగిన మొదటివారిలో ఫ్రాన్సు దేశస్థుడైన విల్మొరాన్ అనునాయన ఒకరు. విత్తనముల వ్యాపారము చేయు కుటుంబమువాడు. 1820ల నుండి ఆయన లే బార్ అనుచోట తన భూమిలో స్కాట్స్ పైన్ విత్తనమును ఐరోపాలోని వేరు వేరు ప్రాంతముల నుండి తెప్పించి పక్కపక్కన నాటించినాడు. అందులో బాల్టిక్ తీరమున రీగా వైపు నుండి వచ్చిన విత్తనపు చెట్లు తిన్నగా స్తంభముల వలె లేచినవి. ఓడ స్తంభములకు ఆ ప్రాంతపు కర్రకు అంత పేరు ఊరకనే రాలేదు. మరికొన్ని ప్రాంతముల విత్తనము వంకరగా, లావు కొమ్మలతో వచ్చినది. నేల ఒక్కటే, వాన ఒక్కటే, జాతి ఒక్కటే. మారినది విత్తనపు పుట్టిల్లు.

మూడవ మెట్టు తల్లి చెట్టు. హిమాలయములలో చీర్ పైన్ చెట్లు కొన్నింటిలో లోపలి నార తాడు వలె మెలితిరిగియుండును. ఆ కర్ర కోసిన పలక వంకరపోవును, దూలమునకు పనికిరాదు. కుమాయూను కొండలలో ఛాంపియన్ అను అటవీ అధికారి వంద సంవత్సరముల క్రిందట దీనిని పట్టి చూచినాడు. ఆ గుణము తల్లి నుండి బిడ్డకు దిగుచున్నదని ఆయన గ్రహించినాడు. ఒక సంగతి గమనింపుడు. తిన్నని చెట్లను కర్ర కొరకు నరుకుదురు, మెలి చెట్లను పనికిరావని వదలుదురు. వదలినవే కాయలు కాచి తరువాతి అడవికి తల్లులగును. మనిషి తెలియక చేసిన ఈ వడపోత తలక్రిందుల వడపోత. మనము సరుగుడులో నేటికిని చేయుచున్నది ఇదే.

సరుగుడు సముద్రపు టొడ్డు చెట్టు. అండమాను దీవులు, బర్మా తీరము మొదలుకొని ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వరకు ఇసుక తీరములలో సహజముగా పెరుగును. మన ప్రధాన భూమి మీద 1868లో కార్వారు తీరమున నాటించినారు. రైలింజన్లకు వంటచెరకు కావలసిన రోజులవి. తరువాత తూర్పు తీరమంతయు వ్యాపించినది. తరతరములుగా తోటలలోని విత్తనమునే ఏరి, దానినే తిరిగి నాటుచు వచ్చితిమి. ఆ ఏరుటలో జరుగునది మీ కండ్లతో చూచినదే. నాలుగేండ్ల తోట కొట్టుదురు. లావు మ్రాను లారీ ఎక్కును. కొమ్మలు, రెమ్మలు కుప్పగా పడియుండును. కూలీలు కాయలు ఎక్కడ ఎక్కువగా ఉన్నవో అక్కడ దూయుదురు. అది ఏ చెట్టు కొమ్మయో ఎవరికి కావలెను? చిన్నతనముననే విరగకాచిన గుబురు చెట్టు ఒక్కటే బుట్టెడు కాయలు ఇచ్చును. పొడవుగా, తిన్నగా, తక్కువ కొమ్మలతో పెరిగిన మంచి చెట్టు గుప్పెడు ఇచ్చును. బుట్టెడు కాయల నుండియే మడి తయారగును. కిలో విత్తనములో లక్షల గింజలుండును గనుక ఒక్క గుబురు చెట్టు ఊరినంతటిని చెరుపగలదు.

పొలము గట్టున ఒంటరిగా నిలిచిన పెద్ద చెట్టు క్రింద విత్తనము ఏరుటయు మంచిది కాదు. ఒంటరిగా ఉన్నది గనుకనే అది లావయినది. వెలుతురు, నీరు దానికి పోటీ లేవు. అది దాని గొప్ప కాకపోవచ్చును. పైగా దగ్గర తోడు లేని చెట్టు, ఆడ, మగ పూవులు రెండును గలదైనచో, తన పుప్పొడితోనే కాయలు కాచుట ఎక్కువ. అట్టి విత్తనపు మొక్కలు నీరసముగా ఉండును. దగ్గరి రక్తసంబంధపు పెండ్లి వంటిదే ఇది. నీలగిరిలో ఈ దోషము మరింత స్పష్టముగా కనబడును.

ఈ పరిస్థితి మారుటకు కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ చాల పని చేసినది. 1990లలో ఆస్ట్రేలియా వృక్ష విత్తన కేంద్రము అనేక దేశముల తీరముల నుండి సరుగుడు విత్తనము సేకరించి ఇరువది దేశములకు పంపినది. మన దేశములో కూడ వాటిని పక్కపక్కన నాటి చూచినారు. ఒకే సరుగుడు జాతిలో పుట్టిల్లును బట్టి పెరుగుదలలోను, మ్రాను తిన్నదనములోను పెద్ద తేడాలున్నవని తేలినది. జావా, తైమోరు మొదలగు ఇండోనేషియా దీవులకు చెందిన జుంగునియానా అను మరొక జాతిని గూడ తెప్పించినారు. మీరు నర్సరీలలో "జంగూని" అని వినునది అదే. మన పాత సరుగుడు సముద్రపు టొడ్డుది, ఇది కొండలదియును. పాత సరుగుడును నరికినచో మోడు సరిగా చిగుర్చదు. జుంగునియానా చిగుర్చును గనుక చెరకు కార్శి వలె రెండవ పంట తీయుటకు వీలున్నది. ఈ రెండు జాతులను కలిపి సంకర మొక్కలు తీసి, వాటిలో ఏరిన సీహెచ్-2, సీహెచ్-5 వంటి క్లోన్లను ఆ సంస్థ విడుదల చేసినది. క్లోన్ అనగా భయపడవలదు. చెరకు ముచ్చె వంటిదే, ఇక్కడ రెమ్మ ముక్కకు వేళ్ళు తెప్పించుదురు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సంకర సరుగుడు తోట బాగున్నదని దాని కాయలు దూసి మడి పోయకుడు. సంకర మొక్కజొన్న గింజను తిరిగి విత్తిన రైతు ఒకే చేలో నాలుగు రకముల కంకులు చూచినట్లు, మీరును బిడ్డల తరములో గుణములన్నియు చెదరిపోవుట చూచెదరు. నీలగిరిలో మన దేశము ఈ పాఠము చాల ఖర్చు పెట్టి నేర్చుకొన్నది. మన వైపు నీలగిరి, ఖమ్మము వైపు జామాయిల్ అను ఈ చెట్టు విత్తనము చాల కాలము మైసూరు గమ్ అను పేరున దేశమంతటికి పోయినది. దాని మూలము బెంగుళూరు దగ్గర నంది కొండ మీద, 1790 ప్రాంతమున టిప్పు సుల్తాను కాలములో నాటించిన చెట్లని చెప్పుదురు. ఆ తోపులో వేరు వేరు జాతులు కలిసి సంకరమయినవి. వాటి సంతతి నుండి పెంచిన తోటలలో ఒక చెట్టు తాటి వలె, ఒక చెట్టు తుమ్మ వలె ఉండెడిది. భద్రాచలము దగ్గర సారపాకలోని కాగితపు మిల్లువారు 1989లో పని మొదలుపెట్టి, అట్టి తోటలలో మేటి చెట్లను ఏరి, వాటి చిగుళ్ళకు వేళ్ళు తెప్పించి, క్లోన్లుగా పరీక్షించినారు. విత్తనపు తోటలు హెక్టారునకు ఏడాదికి సుమారు 6 నుండి 10 ఘనపు మీటర్ల కర్ర ఇచ్చుచుండగా, మంచి క్లోన్లు 20 నుండి 25 ఘనపు మీటర్ల వరకు ఇచ్చినవి. ఇది ఎరువు పెంచి సాధించినది కాదు. మునుపటి తోటలలోనే ఒక మూల దాగియున్న చెట్లను వెదకి సాధించినది. ఆ మేటి చెట్లు మీ వంటి రైతుల చేలలోను నిలబడియుండవచ్చును.

అయితే క్లోన్ అన్న మాట వినగానే ఒక్క నంబరుతో పది ఎకరములు నింపుటకు నేను ఒప్పుకొనను. 2000ల రెండవ భాగములో దక్షిణ దేశములో నీలగిరికి బుడిపె పురుగు వచ్చినది. లేత ఆకు కాడ మీద, ఈనె మీద బుడిపెలు కట్టి చిగురు ఎదుగక ముడుచుకొనిపోయినది. కొన్ని క్లోన్లు దానికి పూర్తిగా లొంగినవి, కొన్ని తట్టుకొన్నవి. లొంగిన నంబరు ఒక్కటే నాటినవారి గతి ఏమయి ఉండునో, ఎర్రకుళ్ళు తెగులు చూచిన చెరకు రైతునకు నేను చెప్పనక్కరలేదు. రెండు మూడు క్లోన్లు తీసికొనుడు. అయితే వరుసలో ఒకటి విడిచి ఒకటి కలుపవలదు. వేగముగా పెరుగునది పక్కదానిని నొక్కివేయును. అర ఎకరమో, ఎకరమో ఒక్కొక్క దానికి విడిగా ఇయ్యుడు.

ఇంతవరకు విత్తనమును గూర్చి చెప్పితిని. తేడాలన్నింటికి విత్తనమే కారణమని చెప్పి వెళ్ళినచో అబద్ధమాడినవాడనగుదును. మా యింటి సంగతి చెప్పెదను.

నేను వ్యవసాయ కళాశాలలో చదువుచున్న రోజులలో మా నాన్నగారు ఎకరమున్నర మెట్టలో సరుగుడు నాటినారు. మొక్కలు సంత దగ్గర ఒక నర్సరీలో కొన్నారు. పేరు చెప్పుట అనవసరము. మొక్క ఎత్తుగా ఉన్నదని, రూపాయి తక్కువకు ఇచ్చినారని సంతోషించినారు. ఆ ఎత్తు ఎట్లు వచ్చినదో మాకు తరువాత తెలిసినది: అమ్ముడుపోక చిన్న పాలిథిన్ సంచులలో రెండవ యేడు కూడ నిలిచిపోయిన మొక్కలవి. మూడవ యేట, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినది. ఆ గాలికి నిలిచినది తక్కువ. మా పొరుగువారి తోటలును పడినవి. కాని వారి చెట్లు ఎక్కువగా నడుమ విరిగినవి, మావి వేళ్ళతో సహా లేచివచ్చినవి. లేచిన ప్రతి మొదలును తిరగవేసి చూచితిని. సంచి అడుగున చుట్టుకొన్న తల్లివేరు మూడేండ్ల తరువాత గూడ అదే చుట్టలో, గడియారపు స్ప్రింగు వలె ఉన్నది. నేలలోనికి దిగనే లేదు. అంతకు ముందు రెండేండ్లు ఆ చెట్లు ఎందుకు ఎదుగలేదో నాన్నగారికి అప్పుడు తెలిసినది. ఆయన దానిని నేల దోషమనుకొని రెండుసార్లు ఎరువు వేసియుండిరి. ఆ బాకీ తీర్చుటకు మా అమ్మగారి గాజులు వెళ్ళినవి. అందుచేత నేను మొక్కను ఎత్తు చూచి కొనను. పదింటిలో ఒకదానిని సంచి చింపి వేరు చూచి కొందును. నర్సరీవారు కోపపడినచో వేరొక నర్సరీకి పోవుటయే మేలు. అడుగున గాలి తగిలి వేరు దానంతట అదే ఆగిపోవు గొట్టపు కుండీల మొక్కలు దొరికినచో ఇంకను మంచిది.

వేరు దగ్గర మరొక సంగతి. పైన్ విత్తనము కొత్త దేశములకు తీసికొనిపోయినప్పుడు చాలచోట్ల మొక్కలు మొలిచి, పసుపురంగు తిరిగి ఎదుగక నిలిచిపోయినవి. పాత పైన్ తోపు నుండి తెచ్చిన మట్టి చల్లగానే తేరుకొన్నవి. ఆ మట్టిలో వేళ్ళతో పొత్తు కలిసి బ్రతుకు ఒక బూజు ఉన్నది. సరుగుడునకు ఇట్టి స్నేహము ఫ్రాంకియా అను సూక్ష్మజీవితో కలదు. వేరుశనగ వేళ్ళ మీద బుడిపెల వలె సరుగుడు వేళ్ళ మీదను బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును. చెరకో వరియో వేసిన చేలో మొదటిసారి సరుగుడు నాటుచున్నారు గనుక ఆ జీవి అక్కడ ఉండకపోవచ్చును. తెగులు లేని పాత సరుగుడు తోటలో బుడిపెలున్న వేళ్ళ దగ్గరి మట్టి తెచ్చి నారుమడిలో కలుపుడు. చెట్లు నిలువునా ఎండిన తోట, బెరడు పొక్కులు లేచి నల్లని పొడి రాలిన తోట మట్టిని మాత్రము తాకవలదు.

నాటిన పిమ్మట మనమే కల్పించు తేడాలును కలవు. నాటిన నెల లోపల ఖాళీలు పూరించినచో మొక్క కలిసిపోవును. ఆరు నెలలకు పూరించిన మొక్క ఎంత మంచి క్లోను అయినను పక్కవాటి నీడలో బొటనవ్రేలు లావుననే ఉండిపోవును. అట్లే నారుమడిలోనే వెనుకబడిన మొక్కను జాలిపడి నాటకుడు. నాలుగింట ఒకటి పారవేయుటకు సరిపడ నారు అదనముగా పెంచుకొనుడు. మీటరు ఎడములో ఎకరానికి నాలుగు వేల పైచిలుకు, మీటరున్నర ఎడములో 1800 మొక్కలు పట్టును. ఎడము పెరిగిన కొలది చెట్టుకు చెట్టుకు పోటీ ఆలస్యముగా మొదలగును, సన్న కర్ర తగ్గును. రాజమహేంద్రవరము మిల్లునకైనను, రాయగడ మిల్లునకైనను కర్ర బరువు మీదనే అమ్ముదుము గనుక సంఖ్యను చూచి మురియవలదు.

బరువు మాట వచ్చినది గనుక ఒక లెక్క. చెట్టులోని కర్ర ఎత్తును బట్టి పెరుగును, చుట్టుకొలతను బట్టి మాత్రము వర్గముగా పెరుగును. ఎత్తు సమానమైన రెండు చెట్లలో ఒకదాని చుట్టుకొలత 6 అంగుళములు, ఇంకొకదానిది 9 అంగుళములు అనుకొందము. కంటికి రెండవది ఒకటిన్నర రెట్లుగా కనబడును. 6ను 6తో హెచ్చించిన 36, 9ని 9తో హెచ్చించిన 81. కర్ర రెండుంబావు రెట్లు. మీ తోటలో ముంజేతి లావు చెట్టు పక్కన ముల్లుకర్ర చెట్టును చూచినప్పుడు ఈ లెక్క వేసికొనుడు. కొత్త తోటను కంటితో అంచనా కట్టినవారు నష్టపోవుటకు కారణము ఇదే.

ఇక, ఏ మొక్క మంచిది అని మీరు నన్ను అడుగబోవుచున్నారు. మీ నేల చూడక చెప్పలేను. ఎర్ర గరపలో గెలిచినది రైవాడ కాలువ క్రింది జిగట నేలలో ఓడవచ్చును. చవుడు తగిలిన చోట రెండును ఓడవచ్చును. బోర్డు మీద మేలురకము అని వ్రాసినంత మాత్రమున నేను నమ్మను, మీరును నమ్మవలదు. విల్మొరాన్ గారు చేసిన పనిని మీ చేలోనే చేయవచ్చును. అయితే అందరును చేయు పొరపాటు ఒకటున్నది. చేను పై భాగములో ఒక రకము, పల్లములో ఒక రకము నాటి, పల్లములోనిది గెలిచినదందురు. గెలిచినది రకము కాదు, పల్లము. అందుచేత ఇట్లు చేయుడు. మూడు రకములు తీసికొనుడు. అందులో ఒకటి మీరు ఎప్పుడును వేయు మొక్కయే కావలెను, లేనిచో పోల్చుటకు ఆధారముండదు. చేనిని నాలుగు చోట్ల ఎంచుకొనుడు: ఎగువ, దిగువ, కాలువ దగ్గర, గట్టు దూరముగా. ప్రతి చోటను మూడు రకములకు మూడు చిన్న మడులు, ఒక్కొక్క మడిలో ఏడు వరుసలు, వరుసకు ఏడు మొక్కలు. ఏ రకము ఏ మడిలో అన్నది చీట్లు వేసి తీయుడు. మనసు ఇష్టపడిన మొక్కకు మంచి చోటు ఇచ్చు గుణము మన అందరిలోను ఉన్నది, నాలోను ఉన్నది.

కొలుచునప్పుడు ప్రతి మడికి చుట్టునున్న వరుసను విడువుడు. అంచు చెట్టునకు వెలుతురు ఎక్కువ, పక్క రకము నీడయు పడవచ్చును. నడుమ ఇరువదియైదు చెట్లు మిగులును. నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున సుద్దతో గీత గీసి అక్కడనే ప్రతిసారియు చుట్టుకొలత తీయుడు. చచ్చిన చెట్టును గూడ పుస్తకములో వ్రాయుడు. పది లావు చెట్లు మిగిల్చి పదునైదు చంపిన రకము మంచిది కాదు. కూడి సగటు తీయుటతో ఆగవలదు. లావైన చెట్టుకు, సన్నని చెట్టుకు ఎంత దూరమున్నదో చూడుడు. క్లోన్ మడిలో ఆ దూరము తక్కువగా ఉండవలెను. క్లోన్ అని అమ్మిన మొక్కల మడిలో ఆ దూరము విత్తనపు మడిలో ఉన్నంత ఉన్నచో, వేరును, నేలను, ఖాళీల పూరింపును ముందు అనుమానింపుడు. అవి సరిగా ఉన్నచో మీకు అమ్మినది క్లోన్ కాదు. నాలుగు చోట్లలో మూడింట గెలిచిన రకమును నమ్మవచ్చును. ఒక్కచోట మాత్రమే గెలిచినదానిని ఆ చోటికే ఉంచుకొనుడు.

దీనికి కావలసినవి ఒక దర్జీ టేపు, ఒక సుద్దముక్క, ఒక నోటు పుస్తకము. మొదటి కొలత నాటిన పండ్రెండవ నెలలో తీయుడు, తరువాత ఏటేట అదే నెలలో. తోట కొట్టిన రోజున మాత్రము నడిమి చెట్లను మడి మడికి విడిగా కుప్పవేయించి తూకము వేయుడు. కూలీలు విసుగుకొందురు, ఆ ఒక్క పూట టీ ఖర్చు మీదే.